పాచిక యెవరి చేతిలో నున్నది?

వానలు వెనుకబట్టిన యేట మన గ్రామములలో విరాటపర్వమును చదివించు నాచారము మీలో పెక్కుమందికి తెలిసినదే. గుడి మండపములో దీపము పెట్టి, ఒకరు పద్యము చదువగా మఱియొకరు అర్థము చెప్పగా, ఊరంతయు కూర్చుండి వినును. కీచకుని పాట్లకును ఉత్తరుని ప్రగల్భములకును మనము నవ్వుకొందుము. కాని ఆ పర్వము మొదటనే యొక విచిత్రము కలదు. పాచికలాడి రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని గూడ ఒడ్డి పోగొట్టుకొన్న ధర్మరాజు, అజ్ఞాతవాసమునకు ఒక వేషము కావలసి వచ్చినపుడు దేనిని కోరుకొనెను? కంకుభట్టను పేర విరటుని కొలువులో పాచికలాడించు బ్రాహ్మణుని వేషమును కోరుకొనెను. ఏ యాట తన్ను అడవుల పాలు చేసెనో ఆ యాటయే అతనికి ఏడాది కూడు పెట్టినది.

దీనికి కారణము అరణ్యపర్వములో నున్నది. బృహదశ్వుడను మహర్షి ధర్మరాజునకు నలుని కథ చెప్పెను; చెప్పిన పిమ్మట అక్షహృదయమను విద్యను ఉపదేశించెను. అక్షమనగా పాచిక. దాని హృదయమనగా అది పడు తీరులోని గుట్టు. కావున హస్తినాపురములో ఓడినవాడు ఆ గుట్టు తెలియని ధర్మరాజు. విరటుని నగరు చేరినవాడు తెలిసిన కంకుభట్టు. అదిగాక హస్తినాపురములో పాచికలు వేసినవాడు శకుని. పందెపు ధనము దుర్యోధనునిది, చేయి శకునిది. ఈ రెండు సంగతులను మీరు మనస్సున నుంచుకొనవలెనని వేడుచున్నాను. నేను చెప్పబోవునది ఆటల చరిత్రయే గాని, ఆ చరిత్ర పొడవునను నా కంటికి కనబడిన ప్రశ్న యొక్కటే: పాచిక యెవరి చేతిలో నున్నది?

ఈ ప్రశ్న నాకు తోచినది హైదరాబాదులోని అఫ్జల్‌గంజులో. పల్లెనుండి పట్నము వచ్చినవారికి ఆ పేట క్రొత్తది కాదు. 1994లో మహాత్మాగాంధీ బస్సుస్టేషను ఏర్పడువఱకు మనము దిగినది దానికి ప్రక్కనున్న గౌలిగూడ బస్సుస్టాండులోనే. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిన కాలపు ఆ యినుపరేకుల షెడ్డు 2018 జులైలో తనంతట తానే కూలిపోయినది. గంజు అనగా ధాన్యపు బజారు. 1857 మొదలు 1869 వఱకు ఏలిన ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు ఈ బజారునకు నిలిచినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగినపుడు ఈ పేట పడిన పాట్లు మన తాతల నోట వినినవే. ఆనాడు ఒక చింతచెట్టు కొమ్మల నాశ్రయించి నూటికి పైబడిన జనము బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్నది.

ఆ యాసుపత్రికి చేరువనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర నెలకొల్పబడినది ఇదియే. పాత ఆటలను గూర్చి చదువుకొనుటకై నేనొకనాడు అచ్చటికి పోయితిని. మధ్యాహ్నము బయటికి వచ్చి మెట్లమీద నీడలో కూర్చుంటిని. ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను యువకులు అచ్చటికి పెక్కుమంది వత్తురు. వారిలో నొకడు పుస్తకము ఒడిలో పెట్టుకొని, సెల్‌ఫోను తెరమీద వ్రేలు గిరగిర త్రిప్పుచుండెను. ఏమి చేయుచుంటివని యడిగితిని. "యుద్ధం చేస్తున్న తాతా," అని తలయెత్తకయే బదులు చెప్పెను.

నేను తొంగిచూచితిని. తెర క్రింది సగములో రంగురంగుల గోళీలు వరుసలుగా పేర్చబడియున్నవి. పై సగములో నోరు తెఱచిన ఘటసర్పము వంటి జంతువొకటి. వీడు ఒక గోళీని వ్రేలితో నడపి మూడేసి యొక్క రంగువి చేర్చినంతనే అవి మాయమగును. ఆ రంగునకు చెందిన వీరుడు ఎగిరి ఆ జంతువును కొట్టును. గోళీలను కూర్చుట చిక్కుముడి విప్పుట వంటిది. ఆ వీరుల దండునకు నాయకుడై లోకములు తిరుగుట వేషము కట్టుట వంటిది. చిక్కును వేషమును ఒక్కచోట కలిపిన ఆటయన్నమాట.

ఈ తెగకు పెద్దదిక్కు జపానులో పుట్టినది. 2012 ఫిబ్రవరిలో గంగ్‌హో అను కంపెనీవారు 'పజిల్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. అడ్డముగా 6, నిలువుగా 5, వెరసి 30 గోళీల పలక. నిప్పు, నీరు, చెట్టు, వెలుగు, చీకటి అను ఐదు శక్తులకు ఐదు రంగులు; ఆఱవది గుండె, అది దెబ్బతిన్నవారికి ప్రాణము పోయును. నీరు నిప్పును గెలుచును, నిప్పు చెట్టును గెలుచును, చెట్టు నీటిని గెలుచును. ఆటకాడు చేతపట్టిన గోళీని కొలదిపాటి క్షణములలోనే దారిలోనున్న వాని నన్నిటిని తారుమారు చేయుచు ఎంత దూరమైనను నడపవచ్చును. అట్లు నడపుటలో ఒక్క కదలికతో ఏడెనిమిది జతలు కూర్చు నేర్పు కలదు. నిజము చెప్పవలెనన్న, ఆ నేర్పు సామాన్యమైనది కాదు. మన పిల్లలు ఊరక వ్రేళ్లాడించుచున్నారని మనమనుకొందుము గాని, లెక్కయు చూపును జ్ఞాపకమును అందులో పనిచేయుచునే యుండును.

ఇట్టి కలయిక మనకు క్రొత్త కాదు. మన యూరి అరుగులమీదనే అది యుండెడిది. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పుకొందము.

పులిజూదమును తీసికొనుడు. గుడి మండపపు బండలమీద త్రికోణముగా గీతలు చెక్కియుండుట మీరు చూచియేయుందురు. సామాన్యముగా ఆ గీతలు కలియు చోట్లు 23. ఒకడు 3 పులులను పట్టును, ఎదుటివాడు 15 మేకలను పట్టును. కొన్ని యూళ్లలో ఈ లెక్క వేఱుగా నుండును. పులి మేకమీదుగా దుమికి దానిని తినును. మేకలు దుముకలేవు, గుంపుగా చేరి పులికి దారిలేకుండ కట్టివేయవలెను. చదరంగములో ఇరువురకును సమానమైన బలము. ఇందులో నట్లు గాదు. ఒకడు కొద్దిపాటి బలముగల క్రూరుడు, ఒకడు బలహీనులైన పెక్కుమంది. పులిని పట్టినవాడు పులివలె ఆలోచింపవలెను, మేకలను పట్టినవాడు మేకలవలె ఆలోచింపవలెను. ఆట ముగిసి స్థానములు మార్చుకొన్నపుడు బుద్ధియు మార్చుకొనవలసినదే. వేషమునకు ఇంతకంటె ఏమి కావలెను? ఇందులో పాచికయే లేదు. పేరు జూదమే గాని అదృష్టమునకు ఇందులో తావులేదు. ఓడినవాడు తన తెలివినే నిందించుకొనవలెను. నా మట్టుకు నాకు, మన దేశపు ఆటలన్నిటిలోను ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గొప్ప యాట మఱియొకటి లేదనిపించును. పదునెనిమిది గులకరాళ్లు, ఒక బొగ్గుముక్క చాలును.

చదరంగము రాజుల నగళ్లలో పెరిగినది. మూసీకి ఆవలి యొడ్డున, సాలార్‌జంగు మ్యూజియములో, దంతముతో చెక్కిన చదరంగపు బలములను మీరు పట్నము పోయినపుడు చూడవచ్చును. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసము'లో రాజుల వినోదముల నడుమ చదరంగము, పాచికలు, గవ్వలాట వర్ణింపబడినవి. తెలంగాణములో చాల భాగము ఆ చక్రవర్తుల యేలుబడిలో నుండెను గావున అది మన యింటి పుస్తకమే. మన తెలుగువారు చదరంగమును అష్టావధానములో నొక యంశముగా గూడ చేర్చిరి. ఒక ప్రక్క సమస్యను పూరించుచు, ఒక ప్రక్క గంటలు లెక్కించుచు, మఱియొక ప్రక్క బంటును జరుపు అవధానిని చూచిన వారికి, సెల్‌ఫోనులో గోళీలు కూర్చు పిల్లవాని చేతివేగము అంతగా అబ్బురము గొలుపదు.

పచ్చీసు పటము వేఱు తీరు. నాలుగు చేతులు గల గుడ్డ. ఒక్కొక్క చేతికి మూడు వరుసలలో 24 గడులు. నలుగురు ఆటకాండ్రకు నాలుగేసి చొప్పున 16 కాయలు. హిందుస్థానీలో పచ్చీసు అనగా 25. గవ్వలలో పడు గొప్ప పందెమది. మన ప్రబంధములలో సొగటాలని వినబడునది దీనికి దగ్గఱి చుట్టము. ఇందులో గవ్వలు పడుట అదృష్టము; పడిన పందెమునకు ఏ కాయను జరుపవలెనో తెలియుట తెలివి. ఇంగ్లాండులో దీనినే సులభము చేసి 1896లో 'లూడో' యని పేరు పెట్టి హక్కు పొందిరి. అదియే రంగురంగుల అట్టగా మరల మన యంగళ్లకు వచ్చినది. మన సరకు మనకే పొట్లము కట్టి అమ్మిరి.

వైకుంఠపాళి, అనగా పరమపద సోపాన పటము, వీనికన్నిటికి విరుద్ధము. అందులో తెలివికి పనియే లేదు, అంతయు గవ్వల పాలే. అయినను వేషము మెండు. ఆటకాడు ఒక జీవుడు. గడి గడికి ఒక గుణమో, ఒక దోషమో, ఒక లోకమో పేరుగా వ్రాయబడియుండును. సుగుణపు నిచ్చెన నెక్కి స్వర్గము చేరునంతలో అహంకారపు పాము కఱచి క్రిందికి దింపును. పాములకు రావణుడని దుర్యోధనుడని పేరులు పెట్టుట మన పటములలో వాడుక. పైవరుసలకు చేరువలో నోరు తెఱచుకొనియుండు పెద్దపామును తలచుకొన్న నాకిప్పటికిని గుండె జల్లుమనును. ముక్కోటి యేకాదశినాడు జాగరణకై పెద్దలు పిల్లలతో కలిసి ఈ పటము పఱచుకొని కూర్చుండెడివారు. దీనిని ఇంగ్లీషువారు 19వ శతాబ్ది చివర తమ దేశమునకు కొనిపోయి, పేరులు తుడిచివేసి, ఉత్త పాములను నిచ్చెనలను మిగిల్చిరి. పాత పటములలో నిచ్చెనలకంటె పాములే యెక్కువ. మోక్షము దుర్లభమని చూపుట వారి యభిప్రాయము. ఇంగ్లీషు అట్టలో రెండింటిని సమానము చేసిరి.

ఇక గంజిఫా. సెల్‌ఫోను ఆటలకు నిజమైన ముత్తాత యిదియేనని నాకు తోచును. గుండ్రని ముక్కలు, చింతపిక్కల జిగురు పూసి గట్టిపఱచిన గుడ్డమీద రంగులు దిద్ది లక్క మెఱుగు పెట్టిన చిన్న చిన్న బొమ్మలు. 1527లో బాబరు చక్రవర్తి ఈ ముక్కలను సింధుదేశపు నొక ప్రభువునకు కానుకగా పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొనెను. మొగలాయి గంజిఫాలో 8 రంగులు, రంగునకు 12 చొప్పున 96 ముక్కలు. ఆ యాట మన దేశములో నిలద్రొక్కుకొన్న పిమ్మట మన చిత్రకారులు దానికి దశావతారముల రూపు నిచ్చిరి. 10 అవతారములు, ఒక్కొక్క యవతారమునకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పదివఱకు అంకెలు, వెరసి 120 ముక్కలు. కొన్ని అవతారములలో పది పెద్దది, కొన్నిటిలో ఒకటి పెద్దది. ఇది మఱచినవాడు ఓడినట్లే. పగలాడినచో రాముడు మొదట దిగవలెను, రాత్రి యాడినచో కృష్ణుడు దిగవలెను. మన నిర్మలలో బొమ్మలు చేయు నకాషీవారు ఈ ముక్కలను గూడ వ్రాసెడివారు. చేతిలో నున్న ముక్క వట్టి అంకె గాదు, ఒక పాత్ర. ఆ పాత్రలను ఏ క్రమమున దింపవలెనో తెలియుట చిక్కు. జపాను ఆటలోని వీరుల ముక్కలకును దీనికిని బంధుత్వము చూడుడు: రంగు, బలము, ఏది దేనిని గెలుచుననెడి లెక్క, చూడముచ్చటైన బొమ్మ.

పడమటి దేశములవారు వేషపు ఆటను మఱియొక దారిన పట్టుకొనిరి. 1974లో అమెరికాలో గైగాక్సు, ఆర్నెసను అను ఇరువురు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను అచ్చువేసిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి, ఒకడు కథ నడపగా, తక్కినవారు ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా, ఒకరు దొంగగా మాటలాడుచు, చిక్కు వచ్చినపుడెల్ల పాచిక వేసి ఫలము తేల్చుకొందురు. చిందుభాగవతులు రంగు పూసికొనక, గజ్జె కట్టక, కూర్చున్న చోటనే ఆటయాడినట్లుండును. ఈ వేషపు ఆట కంప్యూటరులోనికి ప్రవేశించెను. 2007లో ఆస్ట్రేలియాలోని యొక కంపెనీ రంగుగోళ్ల చిక్కును దీనితో జోడించి 'పజిల్ క్వెస్ట్' అను ఆటను చేసెను. ఐదేండ్లకు జపాను ఆట వచ్చినది. మఱుసటి యేడు 2013లో దాని రాబడి వంద కోట్ల డాలర్లు దాటెను. సెల్‌ఫోను ఆటలలో అంతటి సొమ్ము చూచిన మొదటిది అదియేనని చెప్పుదురు.

ఇచ్చట మీరు నన్నడుగవలసిన మాట యొకటి కలదు. ఆ యాట ఉచితముగా దొరకును గదా, వంద కోట్లు ఎట్లు వచ్చినవి?

గ్రంథాలయపు మెట్లమీది పిల్లవాడే నాకిది విప్పి చెప్పెను. వాడాడుచుండినది ఆ జపాను ఆట కాదు, ఆ తెగకే చెందిన మఱియొకటి. గట్టి వీరులు కావలెనన్న యుద్ధములు గెలిచినంతమాత్రమున దొరకరు. ఒక గ్రుడ్డు యంత్రము కలదు. దానిలో రత్నములు వేసి మీట లాగవలెను. గ్రుడ్డు పగిలి ఎవడో యొకడు వెలువడును. నూటికి తొంబదిపాళ్లు పనికిమాలినవాడే. రత్నములు ఆటలో కొలదికొలదిగా దొరకును, సొమ్ము పెట్టినచో దోసిళ్లతో దొరకును. అదిగాక కొంతసేపు ఆడినపిమ్మట నీ యోపిక తీరినదని ఆట నిలిచిపోవును. గంటలకొలది వేచియుండవలెను, లేదా రత్నము లిచ్చి ఓపిక కొనుక్కొనవలెను. "ఒక్కసారికి యాభై రూపాయలే తాతా," అనెను. ఎన్నిసార్లు లాగితివని అడిగితిని. వాడు కొంచెము సేపు గోళీలవంక చూచి, ఆ నెల హాస్టలు సొమ్ములో సగము పోయినదని మెల్లగా చెప్పెను. అమ్మకు తెలియదట.

జపానులో పిల్లల బొమ్మలమ్ము పెట్టెలుండును. నాణెము వేసి చక్రము త్రిప్పినచో మూసిన డబ్బీ యొకటి రాలును. లోపల నేమున్నదో తెఱచినదాక తెలియదు. ఆ చప్పుడును బట్టియే ఈ పద్ధతికి 'గాచా' అని పేరు వచ్చినది. సెల్‌ఫోనులోని గ్రుడ్డు యంత్రము ఇదియే. కొన్ని కంపెనీలు ఇంకొక మెలిక పెట్టినవి: ఇట్లు లాగి లాగి, ఫలానా బొమ్మలన్నియు జత కూడినపుడే గొప్ప బహుమానము. నాలుగు దొరికి ఐదవది దొరకనివాని యవస్థ మీరే యూహించుకొనవచ్చును. 2012 మేలో జపాను ప్రభుత్వపు వినియోగదారుల శాఖవారు ఈ జత కూర్చు పద్ధతి చట్టవిరుద్ధమని ప్రకటించిరి. ఒంటి గ్రుడ్డు యంత్రమును మాత్రము విడిచిపెట్టిరి. 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ, తన అంగడిలో నుండు ఆటలలో ఇట్టి యంత్రము లున్నచో ఏది నూటికెన్నిపాళ్లు వచ్చునో ముందుగా తెలుపవలెనని నియమము పెట్టెను. 2018లో బెల్జియము దేశమువారు ఇట్టి పెట్టెలు జూదమేయని తేల్చిరి.

ఈ తగవు ప్రపంచమున కంతటికి క్రొత్తదై తోచుచున్నది గాని, కౌటిల్యుని కాలముననే దీనిని తర్కించిరి. అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడని యొక యధికారి కలడు. జూదము ఒక్కచోటనే జరుగవలెను. పాచికలను గవ్వలను ఆ యధికారియే అద్దెకు ఇయ్యవలెను. వానిని మార్చి దొంగపాచికలు దింపినవానికి దండన. గెలిచిన ధనములో నూటికి 5 ప్రభుత్వమునకు. ఇందులో సూక్ష్మము చూడుడు. ఆడువారి యిరువురలో ఎవరి చేతను పాచిక యుండరాదని కౌటిల్యుని తాత్పర్యము. శకుని చేతిలో నుండబట్టియే గదా కొంపలు మునిగినవి! పాచిక మూడవవాని చేతిలో నుండవలెను. ఆ మూడవవానికి ఎవరు గెలిచినను ఒకటే వాటా.

మన హైదరాబాదులోనే ఈ తర్కము సుప్రీంకోర్టు దాక పోయినది. 1963లో సికింద్రాబాదులోని యొక క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి, రమ్మీ యాడుచున్నవారిని పట్టుకొనిరి. అప్పటికి అమలులోనున్నది 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూదపు చట్టము. దిగువ కోర్టు శిక్షించెను, హైకోర్టు విడిచిపెట్టెను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పై కోర్టునకు పోయెను. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ మూడుముక్కలాటవలె వట్టి అదృష్టముమీద నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో ఎఱిగి యాడవలసినది గావున తెలివికే ప్రాధాన్యమనియు నిర్ణయించెను. ఈ భాగము అందఱకు తెలిసినదే. ఆన్‌లైను రమ్మీ కంపెనీలు ఎన్నియో యేండ్లు దానినే చూపించుకొని వ్యాపారము చేసినవి. కాని ఆ తీర్పులోనే ఇంకొక మాట కలదు. దానిని ఎవరును అంతగా తలచుకొనరు. బల్లకును ముక్కలకును క్లబ్బు తగుమాత్రపు రుసుము తీసికొనుట తప్పు కాదు. కాని పందెపు ఆటమీద ఇంటి యజమాని లాభము తీయుచున్నట్లు సాక్ష్యమున్నచో, అది రమ్మీ యైనను సరే, నేరము కాగలదని న్యాయమూర్తులు చెప్పిరి. ఆట తెలివిదా అదృష్టముదా అను ప్రశ్నకు ప్రక్కనే, ఇంటివానికి ఏమి మిగులుచున్నది అను ప్రశ్నను గూడ వారు వేసిరి. నా దృష్టిలో ఆ రెండవ ప్రశ్నయే పెద్దది.

2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూదపు చట్టమును సవరించి, సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆ దారినే నడచెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసెను. అయితే ఇవన్నియు సొమ్మొడ్డి సొమ్ము గెలుచు ఆటలను ఉద్దేశించినవి. గ్రుడ్డు యంత్రములో గెలిచినవానికి సొమ్ము రాదు, బొమ్మ వచ్చును. ఆ బొమ్మను అంగడిలో నమ్మి బియ్యము తెచ్చుకొనలేము. పోవునది మాత్రము నిజమైన సొమ్మే. కావున జూదమను పేరు దానికి సులభముగా అంటదు.

పచ్చీసులో గవ్వలు నేలమీద పడును. నలుగురు వంగి లెక్కింతురు. ఎవడైన మోసము చేసినచో అక్కడనే జుట్టు పట్టుకొందురు. గంజిఫా ముక్కలు అందఱియెదుట కలుపబడును. వైకుంఠపాళిలో పెద్దపాము కఱచినను, కఱచినది పిల్లవాని గవ్వయే; పటము గీసినవానికి దాన ఒక్క దమ్మిడీ ముట్టదు. సెల్‌ఫోను ఆటలో గోళీల చిక్కు పిల్లవాని చేతిలో నున్నది, వేషము పిల్లవానిది, పాచిక మాత్రము కనబడని చోట, ఎక్కడనో కంపెనీ యంత్రములో నున్నది. అది పడుట ఎవరును చూడరు. ఎదుటివాడును వాడే, పాచిక వేయువాడును వాడే, అంగడివాడును వాడే. కౌటిల్యుడు విడివిడిగా నుంచిన మువ్వురు ఒక్కరైరి.

అన్ని ఆటలును ఇట్టివే యని నేననను. సొమ్ము ముందే తీసికొని, పిమ్మట ఏమియు అడుగక, చక్కని చిక్కులిచ్చు ఆటలును కలవు. గ్రుడ్డు యంత్రము జోలికి పోక, దొరికిన వీరులతోనే నెట్టుకొని వచ్చు నేర్పరులును కలరు. వారిది నిజముగా కంకుభట్టు విద్యయే.

నలుని కథలో ఒక ఘట్టము నాకు చాల యిష్టము. ఋతుపర్ణ మహారాజు రథముమీద పోవుచు, దారిలోని యొక తాండ్రచెట్టును చూచి దాని యాకులను కాయలను లెక్క చెప్పెను. నలుడు నమ్మక, రథము నాపి దిగి, లెక్కించి చూచెను, సరిపోయినది. అప్పుడు ఋతుపర్ణుడు తన అక్షహృదయమును నలునకిచ్చి, నలుని అశ్వహృదయమును పుచ్చుకొనెను. ఆ విద్య అందినంతనే నలుని లోపలనున్న కలి వెడలిపోయి ఆ చెట్టులో దూఱెను. ఆ కాలమున పాచికలుగా వాడినవి ఆ చెట్టు కాయలే. త్రిఫలలో మీరు వాడు తానికాయ. ఆ లెక్క దేవతల వరము కాదు, మంత్రమును కాదు, రథము దిగి ఎవడైనను సరిచూచుకొనదగినది.

నేను ఆ పిల్లవానిని, నీ యంత్రములో గొప్పవాడు నూటికెన్ని పాళ్లు వచ్చును, ఎక్కడనైన వ్రాసియున్నదా యని అడిగితిని. వెదకగా వెదకగా ఒక మూల సన్నని యక్షరములలో నున్నది: నూటికి ఒకటి. వాడు పరీక్షకు చదువుకొనుచున్నది లెక్కలే. నోటుపుస్తకము వెనుక అట్టమీద తానే లెక్క కట్టెను. యాభై రూపాయల చొప్పున నూఱుసార్లు లాగినచో ఐదువేలు. అప్పటికిని నూటికి ముప్పదియాఱుగురికి ఆ గొప్పవాడు దొరకనే దొరకడు. వాడు ఆ యంకెను రెండుసార్లు సరిచూచెను. పిమ్మట ఫోను జేబులో పెట్టి, ఆ అట్టమీదనే పులిజూదపు గీతలు గీయుమని నన్నడిగెను. వాని తాత ఊరిలో ఆడెడివాడట, తనకు రాదట. రాళ్లకు బదులుగా మా యిరువుర జేబులలోని చిల్లరను తీసితిమి. రూపాయి బిళ్లలు పులులు, పప్పుబఠాణీలు మేకలు. వాడు మేకలను కోరుకొనెను. నాల్గవ మేకను నేను తినునప్పటికి దిల్‌సుఖ్‌నగరు బస్సు వచ్చినది. వాడు చేయి అడ్డము పెట్టి, "ఇంకో బస్సు వస్తది, కూసో తాతా," అనెను. మూడవ బస్సు వచ్చువేళకు నా పులులు మూడును మూల నిఱికి కదలలేక నిలిచిపోయినవి.